మన్నికైన గడ్డి, ప్రామాణిక కుటుంబం

మా ఊళ్లో గడ్డి మొలవడానికి నిరుటి దాకా ఎవరి అనుమతీ అక్కర్లేకపోయేది. ప్రహరీ గోడల మీద, రైలు పట్టాల మధ్య, ఆఖరికి మా మున్సిపల్ ఆఫీసు డాబా మీద కూడా అదే మొలిచేది. మొలవనిది ఒక్క మున్సిపల్ పార్కులోనే. అక్కడ దాన్ని మొలిపించే బాధ్యత మా సెక్షనుది.

ఆ సెక్షనులో నేను సీనియర్ అసిస్టెంటును. పేరు భీమేశ్వరరావు. తలుపు మీద ‘ఉద్యానవనముల విభాగము’ అని పెద్ద బోర్డు ఉంటుంది గాని, ఊరికి ఉన్న ఉద్యానవనం ఒక్కటే. సముద్రం దగ్గర కనుక ఇసుక నేల. ఎండ తగ్గేసరికి ఊళ్లో సగం కుటుంబాలు చాపలు, పులిహోర క్యారియర్లు, బంతులు పట్టుకుని అక్కడికే చేరతాయి. ఆ పార్కును చూసుకునే మనిషి దాలమ్మ. పన్నెండేళ్లుగా దినకూలీ. మొగుడు రామినాయుడు, అత్త పైడమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, అందరూ పార్కు మూల ఉన్న పంపు గదిలోనే కాపురం. ఏటా ఉగాది వెళ్లగానే తనను పర్మనెంటు చెయ్యమని దాలమ్మ ఒక అర్జీ పెట్టుకునేది. ఏటా నేను దాని మీద ‘పరిశీలనలో ఉన్నది’ అని రాసి బీరువాలో పెట్టేవాణ్ని. పరిశీలించిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఇలా సుఖంగా గడిచిపోతుండగా రాజధాని నుంచి ఒక సర్క్యులర్ ఊడిపడింది. ఎవరో పెద్ద ఆఫీసరు అధ్యయన యాత్ర పేరిట చల్లని దేశం వెళ్లారట. అక్కడ ఒక ఇంటి పెరట్లో తల్లీ తండ్రీ పిల్లలూ కుక్కా గడ్డి మీద పడి దొర్లుతుంటే చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారట. ఆ కన్నీళ్లలోంచి పుట్టిన పథకానికి ‘కుటుంబ పచ్చిక’ అని పేరు పెట్టారు. ప్రతి పట్టణమూ ‘రద్దీగల కుటుంబము యొక్క నిత్య తాకిడిని తట్టుకొనగల మన్నికైన గడ్డి విత్తనమును శాస్త్రీయముగా ఎంపిక చేసి, నడక పరీక్ష జరిపి, ఫలితములను నివేదించవలెను’ అని ఉత్తర్వు.

మా కమిషనర్ గారు దాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

“భీమేశ్వరరావు గారూ, ఇందులో కుటుంబం అనే పదానికి నిర్వచనం లేదు. నిర్వచించని కుటుంబం వచ్చి గడ్డి తొక్కితే, ఆ తొక్కుడుకు విలువేముంటుంది?”

నిజమే అనిపించింది. ఆయన ఏం చెప్పినా ఆ గదిలో ఉన్నంతసేపూ నిజమే అనిపిస్తుంది.

వెంటనే నాతో కలిపి అయిదుగురితో నిర్వచన కమిటీ వేశారు. మూడు సమావేశాలు జరిగాయి. ప్రతి సభ్యుడూ తన ఇల్లే లోకానికి కొలమానం అన్నాడు. ఇంజనీరు గారిది ఉమ్మడి కుటుంబం, పందొమ్మిది మంది. అంతకు తక్కువుంటే దాన్ని కుటుంబం అనరు, విడిది అంటారు అని ఆయన వాదన. హెల్త్ ఆఫీసరు బ్రహ్మచారి. ఆయన ఇంట్లో ఆయనా ఒక చిలకా ఉంటారు. చిలక గడ్డి తొక్కదు కనుక దాన్ని తీసేశారు. చివరికి కూడి, భాగించి, ప్రామాణిక కుటుంబంలో అయిదు దశాంశం ఆరుగురు ఉంటారని తేల్చారు. అయిదుగురు సరే, ఆ దశాంశం ఆరు మనిషిని ఎక్కణ్నుంచి తేవాలి? దాని మీదే ఒక పూట గడిచింది. వారానికి నాలుగు రోజులు వచ్చి ఉండిపోయే బావమరిది అయితే లెక్క సరిగ్గా సరిపోతుందని నేనే అన్నాను. ఇంజనీరు గారు కాగితం మీద నాలుగును ఏడుతో భాగించి చూసుకుని నా భుజం తట్టారు. నా సర్వీసులో ఒక పై అధికారి నా భుజం తట్టడం అదే మొదలు.

తరువాత సలహాదారు దిగారు. డాక్టర్ చక్రధరం గారని, పచ్చిక శాస్త్రంలో పేరున్నవారు. ఆయన నేల మీద కూర్చోగా చూసినవారు మాత్రం ఎవరూ లేరు. వెంట మూడు రకాల విత్తనాల సంచులు తెచ్చారు. నవాబు, రాణిపచ్చ, వజ్రపాదం అని వాటి పేర్లు. మూడూ ఆ చల్లని దేశానివే. సంచి మీద బొమ్మలో ఒక కుటుంబం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. కింద చిన్న అక్షరాల్లో ‘మంచు కరిగిన పిమ్మట విత్తవలెను’ అని ఉంది.

మే నెల. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. మా ఊళ్లో మంచు ఎప్పుడు కరుగుతుందో తెలియజేయవలసిందిగా వాతావరణ కార్యాలయానికి నేను లేఖ రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. మీ పట్టణంలో మంచు కురిసినట్టు దాఖలాలు లేవనీ, కురిసిన పక్షంలో తమకు వెంటనే తెలియజేయమనీ రాశారు.

ఇక్కడితో ఆగి, మామూలుగా విత్తేస్తే సరిపోయేదని మీకు అనిపించవచ్చు. మీరు ఆఫీసులో పనిచేసి ఉండరు. ‘మంచు కురియకపోవుట విత్తనదారుని నిబంధనను ఉల్లంఘించుటకు కారణము కాజాలదు’ అని కమిషనర్ గారు ఫైలు మీద ఎర్ర సిరాతో రాశారు. ఆ సాయంత్రమే చేపల రేవు దగ్గరి ఐసు ఫ్యాక్టరీ నుంచి రెండు లారీల ఐసు తెప్పించి, కొట్టించి, పార్కంతా పరిపించారు. కమిటీ సభ్యులం అయిదుగురం గొడుగుల కింద కుర్చీలు వేసుకుని, అది కరుగుతుంటే చూస్తూ కూర్చున్నాం. నలభై నిమిషాల్లో కరిగిపోయింది. కరిగినట్టు ధ్రువపత్రం రాసి అయిదుగురం సంతకాలు పెట్టాక, పడమటి సగంలో వజ్రపాదం, తూర్పు సగంలో మిగతా రెండూ చల్లించారు.

దాలమ్మ చీపురు పట్టుకుని అదంతా చూసింది. నన్ను పక్కకు పిలిచి, మెల్లిగా చెప్పింది.

“నేలంతా సేపల కంపు కొడతంది బాబూ. గింజ మొలుస్తాదో నేదో గాని, పిల్లులు మాత్రం మొలిసీసినాయి.”

చూస్తే నిజంగానే ఊళ్లో పిల్లులన్నీ పార్కులో ఉన్నాయి.

ఇక ప్రామాణిక కుటుంబం ఎంపిక. గడ్డి తొక్కే సమయాన్ని డ్యూటీగా పరిగణిస్తామని నోటీసులో ఉండేసరికి, మా ఆఫీసు నుంచే అరవై మంది దరఖాస్తు పెట్టారు. అటెండరు ఒకడు ఇంకా పెళ్లి కాలేదనీ, ఎంపిక చేస్తే చేసుకుంటాననీ రాశాడు. ఉద్యోగుల కుటుంబాలు నిష్పక్షపాతంగా తొక్కలేవని కమిషనర్ గారు అన్నీ తిరస్కరించారు. బయటి కుటుంబాల్లో ఏ ఒక్కటీ లెక్కకు సరిపోలేదు. అయిదుగురున్న చోట బావమరిది లేడు. బావమరిది ఉన్న చోట వాడు వచ్చి వెళ్లడం అనేది లేదు, స్థిరపడిపోయాడు.

అప్పుడు ఇంజనీరు గారి కన్ను పంపు గది మీద పడింది. మొగుడూ పెళ్లాం, అత్త, ఇద్దరు పిల్లలు, వెరసి అయిదుగురు. దాలమ్మ తమ్ముడు సన్యాసి చేపల రేవులో కూలిపనికి ప్రతి సోమవారం వస్తాడు, గురువారం రాత్రి బస్సుకు పోతాడు. అయిదు దశాంశం ఆరు. తూకం వేసినట్టుంది. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచారు.

దాలమ్మకు ఒకేరోజు రెండు ఉత్తర్వులు ఇచ్చాం. రెండూ రాసింది నేనే. మొదటి దాని ప్రకారం, తోటమాలిగా ఆమె గడ్డికి ఏ విధమైన హానీ కలగకుండా కాపాడాలి. రెండో దాని ప్రకారం, ప్రామాణిక కుటుంబపు ఇల్లాలిగా ఆమె ప్రతిరోజూ పది నుంచి అయిదు దాకా సకుటుంబంగా ఆ గడ్డికి హాని చెయ్యాలి. తొంభై రోజులు. గడ్డి బతికితే ఆమె పేరు పర్మనెంటుకు పంపుతారు. చస్తే ఉద్యోగం పోతుంది, వారంలోగా పంపు గది ఖాళీ చెయ్యాలి.

చదివి వినిపించాను.

“అంటే పగలంతా తొక్కీసి, సందేళ బతికించాలన్నమాట.”

“అంతే.”

“గట్టిగా తొక్కితే అది సచ్చిపోద్ది. మెల్లిగా తొక్కితే మీరు ఒప్పుకోరు.”

“ఒప్పుకోరు.”

ఆమె కాగితాలు రెండూ మడిచి కొంగున ముడేసుకుంది. నాకెందుకో ఆ ముడివైపు చూడాలనిపించలేదు.

పరీక్ష మొదలైంది. పరీక్షకు భంగం కలగకుండా పార్కు చుట్టూ తాడు కట్టాం. ఊళ్లో కుటుంబాలన్నీ చాపలతో క్యారియర్లతో వచ్చి, ఆ తాడు బయట రోడ్డు మీద నిలబడి, కుటుంబాల కోసం తయారవుతున్న పచ్చికను చూసి వెళ్లేవి. లోపల ప్రామాణిక కుటుంబం విహరిస్తూ ఉండేది. పది కొట్టగానే అటెండరు ఈల వేస్తాడు. రామినాయుడు బంతి విసురుతాడు, వచ్చిన రోజుల్లో సన్యాసి రేవు పని మానుకుని దాన్ని పట్టుకుంటాడు. పైడమ్మకు మోకాళ్ల నొప్పులు, నడవలేదు. ఆమెను నడి మధ్యలో కూర్చోబెట్టి రిజిస్టర్లో ‘స్థిర భారము’ అని రాసుకున్నాం. పిల్లలు బడికి పోవాలని దాలమ్మ పట్టుబట్టింది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆమె గొంతు పెరిగింది. కమిటీ కూర్చుని, బడివేళల్లో పిల్లల బదులు వాళ్ల బరువుకు సరిపడా రెండు ఇసుక బస్తాలు వాడవచ్చని సడలింపు ఇచ్చింది. వాటిని రామినాయుడు అటూ ఇటూ ఈడ్చాలి. రిజిస్టర్లో ఆనందం అని మరో గడి ఉండేది. కుటుంబం ఉల్లాసంగా తొక్కుతోందో లేదో గంటగంటకూ అందులో రాయాలి. ఎండలో బస్తా ఈడుస్తున్న రామినాయుడి మొహం చూసి అటెండరు ‘ఓ మోస్తరు’ అని రాశాడు.

గడ్డి సంగతి. నవాబు గారు మొలవనే లేదు. రాణిపచ్చ మొలిచిందని డాక్టర్ చక్రధరం గారు భూతద్దం పెట్టి చూపించారు గాని, అది ఎవరో పారేసిన కొత్తిమీర. వజ్రపాదం ఒక్కటి పసిపిల్ల తల మీది జుట్టులా పలచగా వచ్చింది. పదకొండు రోజులు ఉండి, పన్నెండో నాటికి ఎండిపోయింది. రామినాయుడు బస్తా అటు ఈడ్చకముందే పోయింది, అది నేను కళ్లారా చూశాను. పార్కు తొలకరికి ముందు పొలంలా బోసిగా పడి ఉంది. ఇంకా అరవై ఏడు రోజులు మిగిలున్నాయి.

మర్నాడు దాలమ్మ మా ఆఫీసు వరండాలోకి వచ్చింది. లోపలికి రాలేదు, కిటికీ దగ్గరే నిలబడింది. కాలవగట్టు మీద గరిక బలంగా ఉందనీ, రేపట్నుంచి పొద్దున్నే పిల్లలతో వెళ్లి పిలకలు తెచ్చి పాతేస్తాననీ, వాన పడితే పట్టుకుంటుందనీ చెప్పింది. గరిక మా విభాగపు కలుపు జాబితాలో నాలుగోది. దాన్ని పీకించడానికే మాకు ఒక ఫైలు ఉంది. కూడదని చెప్పడం నా ధర్మం. నేను తల ఎత్తకుండా, ఎదురుగా ఉన్న ఫైలులో కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను. పన్నెండేళ్లుగా ఆమె విషయంలో నేను చేస్తున్న పనే అది. కాకపోతే ఈసారి దానివల్ల ఆమెకు కాస్త ఉపయోగం కలిగింది.

పడమటి సగం నాటేసరికే వానలు మొదలయ్యాయి. కాలవ పొంగి గట్టు మునగడంతో తూర్పు సగం బోడిగానే మిగిలిపోయింది. గరిక గురించి రైతుబిడ్డలెవరికీ చెప్పనక్కర్లేదు. తొక్కినకొద్దీ అది నేలకు అంటుకుని పాకుతుంది. కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. శ్రావణమాసం వచ్చేసరికి పడమటి సగం పచ్చగా, మెత్తగా, పైడమ్మ కూర్చున్న చోటు తప్ప ఎక్కడా నేల కనపడకుండా పరుచుకుంది. ఆ చోట కూడా ఆమె లేచిన మర్నాడే పూడుకునేది. రిజిస్టర్లో ఆనందం గడిలో అటెండరు మొదటిసారి ‘బాగు’ అని రాశాడు.

తొంభయ్యో రోజు తనిఖీ. డాక్టర్ చక్రధరం గారు బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని గడ్డి మీద అడుగు పెట్టారు. వంగి ఒక పోచను తాకి, వజ్రపాదం తన పేరు నిలబెట్టుకుందని ప్రకటించారు. తూర్పు సగం బోసిగా ఉండటం నవాబు, రాణిపచ్చల ఓటమికి శాస్త్రీయ నిదర్శనం అన్నారు. కమిషనర్ గారు ఫోటోలు దిగారు. దాలమ్మ కుటుంబాన్ని వరసగా నిలబెట్టి, బస్తాలతో సహా తీశారు. ఆమె పేరు పర్మనెంటుకు రాయమని నాతో అన్నారు కూడా. నేను కాగితం తీశాను.

ఇంజనీరు గారు మాత్రం లెక్కల పుస్తకం మూయలేదు. తొంభై రోజుల అడుగులు, అడుగుకు ఇంత బరువు, దాని మీద స్థిర భారం, బస్తాలు, అన్నీ కలిపి వచ్చిన సంఖ్య కింద రెండు గీతలు గీశారు.

“నా లెక్క ప్రకారం ఇక్కడ నాలుగంగుళాల గుంట పడి ఉండాలి. గుంట ఏది?”

గుంట లేదంటే తొక్కలేదని అర్థం. లేదా తొక్కినది వేరే ఏదో అయి ఉండాలి. అనుమాన నివృత్తి నిమిత్తం ఒక పిడికెడు పీకి ప్రయోగశాలకు పంపారు. పది రోజులకు ఒకటిన్నర పంక్తి జవాబొచ్చింది. ‘మీరు పంపిన నమూనా గరిక. ఇది మీ ఊళ్లోనే విరివిగా దొరుకును.’

అత్యవసర సమావేశం పెట్టారు. ఏ గడ్డయితేనేం, తొంభై రోజులు తట్టుకుంది కదా అని హెల్త్ ఆఫీసరు అనబోయారు. డాక్టర్ చక్రధరం గారు చెయ్యెత్తి ఆపారు.

“గరికను గడ్డిగా పరిగణించలేం. గడ్డి అన్నాక దానికొక సంచి ఉంటుంది, సంచి మీద పేరు ఉంటుంది.”

“అయినా నిలబడింది కదండీ,” అన్నారు హెల్త్ ఆఫీసరు.

“నిలబడింది,” అన్నారు కమిషనర్ గారు. “అనుమతి లేకుండా నిలబడింది.”

దాలమ్మ మీద మూడు అభియోగాలు తేలాయి. తోటమాలిగా విత్తిన గడ్డిని బతికించకపోవడం ఒకటి. ప్రామాణిక కుటుంబంగా గుంట పడేలా తొక్కకపోవడం రెండు. ప్రభుత్వ స్థలంలో కలుపు సాగు మూడు. ఉద్యోగం నుంచి తొలగించి, పంపు గది ఖాళీ చేయించి, గరికను సమూలంగా తీసెయ్యాలని తీర్మానం. ఉత్తర్వు ముసాయిదా నన్ను రాయమన్నారు. పరీక్ష విఫలమైంది గనుక తాడు విప్పేశారు. ఆ సాయంత్రమే ఊరు ఊరంతా చాపలు కూడా పరుచుకోకుండా ఆ గరిక మీద కూలబడింది. నేను ఆఫీసు నుంచి ఇంటికి పోతూ చూశాను. పంపు గది ముందు దాలమ్మ సామాను మూట కడుతోంది. పెద్దపిల్ల పుస్తకాలు ఏ మూటలో పెట్టాలో తేల్చుకోలేక, చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను రాసిన కాగితాల వల్ల సిగ్గుపడటం అదే మొదలు.

మర్నాడు బీరువాలోంచి ఆ పన్నెండు అర్జీలూ తీసి ముందు పెట్టుకుని ముసాయిదా రాశాను. ఎంత కఠినమైన భాష నాకు వచ్చో అంతా అందులో పెట్టాను.

‘సదరు గరికను అనధికారికముగా నాటిన వ్యక్తి చేతనే, వేరుతో సహా, ఒక్క పోచయు మిగులకుండా పీకించుట న్యాయము. యావత్తు ఆవరణలో గరిక సంపూర్ణముగా నిర్మూలించబడినట్లు కమిటీ సభ్యులు అయిదుగురూ ధ్రువీకరించిన మరుసటి దినము నుండి ఆమె ఉద్యోగము రద్దగును. అట్టి ధ్రువీకరణ జరుగునంతవరకు ఆమె పంపు గదిని విడిచిపోరాదు. విధుల నుండి ఎట్టి పరిస్థితిలోను తప్పుకొనరాదు.’

కమిషనర్ గారు పెద్ద నగరంలో, మూడో అంతస్తులో పుట్టి పెరిగిన మనిషి. ‘ఒక్క పోచయు మిగులకుండా’ అన్న చోట ఎర్ర సిరాతో గీత గీసి, శిక్ష అంటే ఇలా ఉండాలన్నారు. డాక్టర్ చక్రధరం గారు కూడా తలూపారు. ఇంజనీరు గారిది పల్లెటూరు. ఆయన ఆ వాక్యం రెండుసార్లు చదివి, కళ్లెత్తి నావైపు ఒక్క క్షణం చూసి, సంతకం పెట్టారు.

కాగితం పట్టుకుని పార్కుకు వెళ్లాను. దాలమ్మ మూటల మీద కూర్చుని ఉంది. చదువుతుంటే ఆమె మధ్యలో ఆపింది.

“ఒక్క పోస కూడా ఉండకూడదన్నారా?”

“ఉండకూడదు.”

“ఒక్కటి మిగిలిపోయినా నాను ఎల్లకూడదా?”

“వెళ్లకూడదు. వెళితే నేరం.”

ఆమె కాగితంకేసి చూసింది, గరికకేసి చూసింది, తరువాత నాకేసి చూసింది. లేచి, పెద్దపిల్లను పిలిచి మూటలు విప్పమంది. కొడవలీ గంపా తెచ్చుకుని పడమటి వైపు ఒక మూల కూర్చుని, ఆఫీసు వాళ్లు మెచ్చేంత శ్రద్ధగా, వేరుతో సహా పీకడం మొదలుపెట్టింది. గంప నిండాక నా దగ్గరకు వచ్చి, ఎంతో వినయంగా అడిగింది.

“పీకిందంతా ఎక్కడ పారీమన్నారు బాబూ?”

ఉత్తర్వు మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివాను. తూర్పు సగం బోసిగా, రాత్రి వానకు నాని, మెత్తగా ఉంది.

“అది ఇందులో రాయలేదు దాలమ్మా,” అన్నాను.

ఆమె గంప నెత్తికెత్తుకుని తూర్పు వైపు నడిచింది.